సఖి సెంటర్‌లో ఐదు రోజులు అయిపోవస్తున్నాయి. తర్వాత ఇల్లెక్కడ?

లలిత_గుంటూరు · నవంబర్ 12, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. టైపు చేస్తుంటే చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు. వయసు 32. ఇంటర్ అవగానే పెళ్లి చేశారు. పద్నాలుగేళ్ల కాపురం ఎలా సాగిందో ఇక్కడ రాయలేను. ఆదివారం రాత్రి ఇద్దరు పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసింది. కట్టుబట్టలు, బాబు స్కూలు బ్యాగు, ఆధార్ కార్డులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు, అంతే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి వన్ స్టాప్ సెంటర్‌కి చేర్చారు. అక్కడ బాగానే చూసుకుంటున్నారు. కానీ ఉండనిచ్చేది ఐదు రోజులట. మూడు అయిపోయాయి.

మా ఇంటికి తెచ్చుకుందామంటే రెండు గదులు, ఒక గదిలో మంచాన పడ్డ అత్తగారు. పైగా అతనికి మా ఇల్లు తెలుసు. పిన్ని లేదు. బాబాయి కొడుకు దగ్గర ఉంటున్నారు, ఆ కోడలు కుదరదని ముందే చెప్పేసింది.

ఈ రెండు రోజుల్లో మూడు ఇళ్లు చూశాను. ఒక చోట అంతా నచ్చింది. కొళాయి, వెనక గుమ్మం అన్నీ చూపించాక "మీ మరిదిగారు ఏం చేస్తారు?" అని అడిగారు. విడిగా ఉంటోందని చెప్పాను. "మా వారినడిగి ఫోన్ చేస్తా" అన్నారు. చేయలేదు. రెండో చోట ఆరు నెలల అడ్వాన్స్ అన్నారు. మూడో చోట గేటు కూడా తీయలేదు.

బాబుకి 11 ఏళ్లు, పాపకి 8. ఆడవాళ్ల హోముల్లో మగపిల్లల్ని ఉండనివ్వరని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి "వాణ్ణి వదిలి నేనెక్కడికీ వెళ్లను, తిరిగి ఇంటికే పోతా" అంటోంది. నాకు ఆ మాటకే భయం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మోడరేటర్ · నవంబర్ 12, రాత్రి 10:55

లలిత గారూ, మీ పోస్టులో వీధి పేరు, స్కూలు పేరు తీసేశాను. ఇక్కడ జవాబు రాసేవాళ్లందరికీ: ఏ హోము ఎక్కడుందో ఊరితో సహా రాయొద్దు. ఎవరి నుంచి తప్పించుకుని వచ్చారో వాళ్లు కూడా ఇలాంటి చర్చలు చదువుతారు.

పద్మజ_అడ్వకేట్ · నవంబర్ 12, రాత్రి 11:20

లలితా, ముందు ఊపిరి పీల్చుకోమ్మా. ఐదు రోజులయ్యాక రోడ్డు మీద వదిలేయరు. సఖి సెంటర్ వాళ్లే శక్తి సదన్‌కి, అంటే ఆడవాళ్లు ఎక్కువ కాలం ఉండే ఆశ్రయానికి, రాసి పంపుతారు. ఒకప్పుడు స్వాధార్ హోము అనేవాళ్లం, 2022 నుంచి మిషన్ శక్తి అనే కేంద్ర పథకం కింద ఆ పేరు మార్చారు. రేపు ఉదయమే సెంటర్ అడ్మినిస్ట్రేటర్‌ని కలిసి "శక్తి సదన్‌కి రిఫర్ చేయండి, వేరే జిల్లాలో అయినా పర్లేదు" అని రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా కాదు, కాగితం మీద. గృహహింస చట్టం, అంటే 2005 నాటి చట్టం, 6వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే షెల్టర్ హోము వాళ్లు ఆశ్రయం ఇచ్చి తీరాలి.

చెల్లెలికి ఉండే ఇంకో భయం కూడా నాకు తెలుసు. "గడప దాటి వచ్చేశాను కాబట్టి ఇక ఆ ఇంటి మీద హక్కు పోయింది" అనుకుంటూ ఉంటుంది. పోలేదు. అదే చట్టం 17వ సెక్షన్ ఆమెకు అతనితో కలిసి కాపురమున్న ఇంట్లో నివాస హక్కు ఇస్తుంది. ఇల్లు మామగారి పేరు మీద ఉందంటారా, దాని మీద 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. భర్త పేరు మీద లేనంత మాత్రాన హక్కు లేదనడానికి వీల్లేదు. ఆ ఇంటికి తిరిగి వెళ్లే పరిస్థితి లేకపోతే 19వ సెక్షన్ కింద వేరే ఇల్లు చూపించమని, లేదా అద్దె కట్టమని అడగొచ్చు. నగలూ సామానూ తిరిగి ఇప్పించమని కూడా అడగొచ్చు.

కేసు వెయ్యడానికి అతనున్న ఊరికి వెళ్లక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులో కూడా వేయొచ్చు. హోములో ఉంటే ఆ ఊరి కోర్టులోనే. లాయర్ ఫీజు గురించి ఆలోచించొద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100 నంబరు.

ఒక్క విషయం మాత్రం నిజం చెప్పాలి. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నా అనుభవంలో వాయిదాల మీద వాయిదాలు పడతాయి. అందుకని కోర్టు నుంచి అద్దె డబ్బు వస్తుంది, అప్పుడు ఇల్లు చూద్దాం అని కూర్చోవద్దు. మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే ఉత్తర్వు కోసం 23వ సెక్షన్ కింద మొదటి రోజే అడగండి, ఆ పని ఒకవైపు, బతుకుతెరువు పని ఇంకోవైపు.

సావిత్రమ్మ_ఏలూరు · నవంబర్ 13, ఉదయం 6:05

పొద్దున్నే చూశాను. 14 ఏళ్లు ఒక స్వాధార్ హోములో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను, నాకు తెలిసింది చెప్తాను.

బాబు సంగతి ముందు. మా రోజుల్లో మగపిల్లలకి 8 ఏళ్లే. ఎనిమిది నిండాయంటే బాలల హోముకి పంపాల్సి వచ్చేది. ఆ పంపే రోజు నేను ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఒక తల్లి పిల్లాడి నిక్కరు జేబుల్లో మరమరాలు పోసి కుట్టేసింది, దారిలో ఎవరూ లాక్కోకుండా. ఇప్పుడు శక్తి సదన్‌లో ఆ వయసు 12కి పెంచారు. ఆడపిల్లలైతే పెళ్లి కానంతవరకు ఏ వయసైనా తల్లితో ఉండొచ్చు. మీ బాబుకి 11 కాబట్టి ఇద్దరూ అమ్మతోనే ఉంటారు. ఈ ఒక్క మాట ఇప్పుడే ఫోన్ చేసి మీ చెల్లికి చెప్పండి, మిగతావి తర్వాత చదువుకోండి.

చెప్పారా? సరే.

హోము అంటే ఇంట్లోలా ఉంటుందని ముందే ఆశ పెట్టుకోవద్దు. ఒక హాల్లో పదిమంది మంచాలు, వంటకి వంతులు, సాయంత్రం గేటు మూస్తారు, రిజిస్టర్లో సంతకం. మొదటి పది రోజులు ఎక్కువమందికి నిద్రే ఉంటుంది. పగలూ రాత్రీ పడుకుంటారు. కొత్తలో నేను కూడా "ఇంత బద్ధకమా" అనుకున్నాను, చాలా పెద్ద తప్పు. ఏళ్ల తరబడి చెవులు నిక్కబొడుచుకుని పడుకున్న మనిషికి అక్కడే మొదటిసారి నిద్ర పట్టేది.

మా దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక చిన్న రేకు పెట్టె, తాళం, తాళంచెవి ఇచ్చేవాళ్లం. పెట్టెలో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండు చీరలు, ఒక సబ్బు. అయినా ఆ తాళంచెవి చేతికి రాగానే ఒకావిడ తన పసుపుతాడుకి కట్టుకుంది. తర్వాత ఎప్పుడో ఆ తాడు తీసేసింది, తాళంచెవి మాత్రం నల్లదారానికి మార్చుకుని మెళ్లో ఉంచుకుంది. తనదంటూ తాళం వేసుకునేది ఏదీ అంతకుముందు ఆమెకు లేదు.

గడువు సంగతి కూడా అడిగి తెలుసుకోండి. స్వాధార్ నియమాల్లో గృహహింస బాధితులకి ఒక ఏడాది, మిగతావాళ్లకి మూడేళ్లు, 55 దాటినవాళ్లకి ఐదేళ్లు ఉండేది. ఏడాది అనగానే చాలా టైముంది అనిపిస్తుంది. లేదు. వెళ్లిన రోజు నుంచే బయటికొచ్చే రోజుకి సిద్ధం కావాలి.

శ్రీనివాస్_కరీంనగర్ · నవంబర్ 13, ఉదయం 8:30

లలిత గారూ, తప్పుగా అనుకోకండి. ఇంటి విషయం ఇంట్లోనే, నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఒకసారి మాట్లాడి చూడలేదా? హోము అంటే ఆడపిల్లకి జీవితాంతం పేరు పడుతుంది. రేపు పాప పెళ్లప్పుడు కూడా అడుగుతరు. పిల్లలకి తండ్రి కూడా కావాలె కదా.

కొత్తచిగురు_వరంగల్ · నవంబర్ 13, ఉదయం 11:15

శ్రీనివాస్ అన్నా, మీరు మంచి మనసుతోనే రాశారని అనుకుంటున్నా. నాకు నాలుగుసార్లు పంచాయితీ అయింది. నాలుగుసార్లు ఆయన అందరి ముందు తల దించుకున్నడు. నాలుగుసార్లు నన్ను ఆటో ఎక్కించి పంపిన్రు. పెద్దమనుషులు రాత్రి వాళ్ల ఇండ్లకి వాళ్లు పోతరు కదా అన్నా. లలితక్క చెల్లెలు పద్నాలుగేళ్లు ఆగి వచ్చింది, తొందరపడి వచ్చింది కాదు.

లలితక్కా, నేను ఒక హోములో 11 నెలలు ఉన్నా. ఇది నేను ఇంతవరకు బయట ఎక్కడా చెప్పలే. నీ చెల్లి కోసం రాస్తున్నా.

మొదటి వారం నాకు అక్కడ ఏదీ నచ్చలే. ఫోన్ ఆఫీసులో పెట్టమన్నరు. బయటికి పోవాలంటే పర్మిషన్. ఒక చెరలోంచి ఇంకో చెరలోకి వచ్చినట్టు ఉండె. మా పక్క మంచం అక్క ఒక మాటన్నది, "ఇక్కడ గేటు మూసేది మనం బయటికి పోకుండా కాదే, వాడు లోపలికి రాకుండా." ఆ రాత్రి కొంచెం సమాధానపడ్డా. అయినా చెప్తున్నా, భద్రత పేరు మీద పెద్ద మనిషిని చిన్నపిల్లలా చూడొద్దు. మూడు నెలలు దాటినంక కూడా కూరగాయలకి పోవాలంటే ఎవరో ఒకరు వెంట రావాలంటే, ఆ తర్వాత బయట ఒక్కదాన్ని ఎట్ల బతుకుత? బస్సెక్కి టికెట్టు తీసుకోవడం కూడా నేను మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే బస్సు ఫ్రీ. నా టైముకి మహాలక్ష్మి లేదు.

ఇంకోటి. అందరికీ కుట్టుమిషనే నేర్పిస్తరు. లేకుంటే అగరబత్తీలు. నాకు సూదిలో దారం ఎక్కించాలంటేనే చిరాకు. మా కౌన్సెలర్ మేడమ్ ఒకరోజు "నీకేం ఇష్టం?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవ్వరూ అడగలే, జవాబు రాక ఏడ్చిన. తర్వాత చెప్పిన, లెక్కలంటే ఇష్టమని. ఆమె తిరిగి తిరిగి ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో బిల్లింగు పని చూపించింది. హైదరాబాద్‌లో సునీతా కృష్ణన్ గారి ప్రజ్వల అనే సంస్థలో అమ్మాయిలకి వెల్డింగు, కార్పెంటరీ నేర్పుతరని చదివినప్పుడు నాకు ఎంత బలమొచ్చిందో. మీ చెల్లికి ఏది చేతనవునో, ఏది ఇష్టమో అడగమనండి.

కష్టమంతా హోములో కాదు అక్కా. హోము నుంచి బయటికి వచ్చినంక మొదటి మూడు నెలలే. పని ఉంది, జీతం ఉంది, గది దొరికింది. కానీ రాత్రి తొమ్మిదయ్యిందంటే ఎవరూ లేరు. హోములో పదిమంది గురక వింటూ పడుకున్నదాన్ని, ఒక్కదాన్నే ఆ గదిలో. పాపకి జ్వరం వస్తే "అక్కా" అని పిలవడానికి పక్క మంచం లేదు. రెండుసార్లు సంచి సర్దుకున్నా, తిరిగి ఆయన దగ్గరికి పోదామని. ప్రేమతో కాదు, ఒంటరితనానికి. రెండోసారి మా కౌన్సెలర్ మేడమ్‌కి ఫోన్ చేసిన, రాత్రి పదకొండు. ఆమె వచ్చి ఏమీ అనలే. స్టవ్ వెలిగించి ఉప్మా చేసింది. తిని పడుకున్నం.

అందుకే నేను చెప్పేది, మంచం దొరికిందా లేదా అని ఒక్కటే చూడకు. బయటికి వచ్చినంక ఎవరు ఫోన్ ఎత్తుతరు అన్నది కూడా అడుగు.

సావిత్రమ్మ_ఏలూరు · నవంబర్ 13, మధ్యాహ్నం 1:40

చిగురూ, తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆ వెంట రావడం రూలు మా దగ్గర కూడా ఉండేది. నేనే పెట్టాను. తప్పు చేశాను, ఇప్పుడు తెలుస్తోంది.

పని దొరికాక నేరుగా అద్దె ఇంటికి పోకుండా మధ్యలో ఇంకో మెట్టు ఉంది, చాలామందికి తెలియదు. సఖీ నివాస్, పాత పేరు వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్. పిల్లలతో ఉండనిస్తారు, బాబుకి 12 దాకా. కేంద్రం సాయంతో కట్టినవాటిలో అద్దె ఒక్కరి గదికి జీతంలో 15 శాతం, ఇద్దరి గదికి 10 శాతం, డార్మిటరీకి ఏడున్నర శాతం మించకూడదని రూలు. గేటు కాపలా ఉంటుంది, కానీ తన జీతం, తన వేళలు. హోముకీ సొంత గదికీ మధ్య అలాంటి చోట ఒక ఏడాది ఉంటే మనిషి నిలదొక్కుకుంటుంది. అన్ని ఊళ్లలోనూ లేవు, ఉన్నచోట ఖాళీ దొరకదు. నా బాధంతా అదే. ఐదు రోజుల చోటు జిల్లాకొకటి ఉంది. ఏడాది ఉండే చోట్లు తక్కువ. ఆ తర్వాత ఉండాల్సిన చోట్లు ఇంకా తక్కువ.

శక్తి సదన్‌లో ఉన్నన్నాళ్లు నెలకి 500 రూపాయల వరకు ఆమె బ్యాంకు ఖాతాలో వేస్తారు. చిన్న మొత్తమే. తీయించకండి. బయటికొచ్చే రోజున గిన్నెలకి సరిపోతాయి.

రమణ_కాకినాడ · నవంబర్ 13, రాత్రి 9:10

నేను ఇంటి ఓనర్ని. మేడ మీద రెండు పోర్షన్లు అద్దెకిస్తాను. లలిత గారు రాసిన ఆ "మా వారినడిగి చెప్తా" అన్న మాట చదివి మధ్యాహ్నం నుంచి మనసు బాగోలేదు.

రెండేళ్ల కిందట ఒకావిడ పాపతో వచ్చింది. ప్రైవేటు స్కూల్లో ఆయా. నేను కూడా అలాగే అన్నాను. ఆమె గుణం గురించి నాకు అనుమానం లేదండి. రాత్రిపూట ఆ భర్త వచ్చి గేటు బాదితే ఏం చెయ్యాలి, కింద మా అమ్మకి 80 ఏళ్లు. జీతం ఆగిపోతే అద్దె ఎవరినడగాలి. ఆ రెండు భయాలే. ఆ మాట ఆమె మొహం మీద చెప్పలేక మా ఆవిడ మీద పెట్టాను. ఆమె మెట్లు దిగుతుంటే ఆ పాప అడిగింది, "అమ్మా, ఇక్కడ కూడా కాదా?" అని.

నాకు ఏముంటే ఇచ్చేవాణ్ణని ఆలోచించాను. ఆ హోము వాళ్లో, సంస్థ వాళ్లో ఒక కాగితం ఇచ్చి, "ఏదైనా గొడవైతే ఈ నంబరుకి చెయ్యండి, మేము చూసుకుంటాం" అంటే చాలు. రెండు నెలల అడ్వాన్స్‌కి ఎవరైనా పూచీ ఉంటే ఇంకా మంచిది. 11 నెలల అగ్రిమెంటు మామూలుగానే రాసుకుంటాం.

సావిత్రమ్మ_ఏలూరు · నవంబర్ 13, రాత్రి 9:45

రమణ బాబూ, మా కౌన్సెలర్ అమ్మాయి చేసేది అదే. ఇల్లు చూడటానికి ఆమే వెంట వెళ్లేది, ఓనరుతో కూర్చుని కాఫీ తాగేది, తన నంబరు ఇచ్చేది. తర్వాత ఆరు నెలలు నెలకోసారి వెళ్లి చూసొచ్చేది. ఆ రాకపోకలకి స్కీములో పైసా ఉండేది కాదు, సొంత స్కూటరు, సొంత పెట్రోలు. ఆమె వెంట వెళ్లిన ఇళ్లలో ఒక్కరూ వెళ్లగొట్టలేదు.

భాస్కర్‌మాస్టారు_రాజమండ్రి · నవంబర్ 14, ఉదయం 7:20

రమణ గారి పోస్టు చదివాక ఒకటి రాయాలనిపించింది.

మా ఊళ్లో 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ తేదీ పిల్లలందరికీ పాఠంలో చెప్పేవాణ్ణి. పాఠంలో లేని భాగమే అసలు కష్టం. పెళ్లి చేసి పంపేస్తే సరిపోలేదు. వెలివేసిన ఊళ్లో ఆ జంటలు ఎక్కడుండాలి, ఏం తినాలి? వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. సంస్కరణ అని మనం వీరేశలింగం గారి ఉపన్యాసాల గురించి చెప్పుకుంటాం. ఆ బిందె ఎవరు మోశారో అది కూడా చెప్పుకోవాలి.

తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆవిడకి చిన్నతనంలోనే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ బంధం నుంచి బయటికి వచ్చి చదువుకున్నారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష రాసేలా కండెన్స్‌డ్ కోర్సులు తెచ్చారు. గూడు, చదువు, పని మూడూ కలిసి ఉండాలని అప్పుడే చూశారు. లలితమ్మా, మీ చెల్లెలు ఇంటర్ దాకా చదివింది కదా, దూరవిద్యలో డిగ్రీ కట్టించండి. హోములో సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి.

మాధవి_ఎడిసన్ · నవంబర్ 14, ఉదయం 9:00

ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల మధ్య నేను వాలంటీరుగా పనిచేస్తాను. చదువుతుంటే కష్టం ఒకటే అనిపిస్తోంది, తాళాలు వేరు.

ఇక్కడికి హెచ్4 వీసా మీద వచ్చిన అమ్మాయికి వీసా అతని మీద ఆధారపడి ఉంటుంది, బ్యాంకు ఖాతా అతనిది, కారు అతనిది. కొట్టినా బయటికి వస్తే దేశం నుంచి పంపేస్తారనుకుంటుంది. మానవి అనే సంస్థ 1985 నుంచి ఇక్కడ దక్షిణాసియా ఆడవాళ్ల కోసం పనిచేస్తోంది. వాళ్లు అత్యవసర షెల్టర్ దగ్గర ఆగకుండా ఆశియానా అని ట్రాన్సిషనల్ హోము, అంటే సొంతంగా నిలదొక్కుకునేదాకా ఉండే చోటు కూడా పెట్టారు. మన తిండి వండుకోవచ్చు, మన భాషలో మాట్లాడేవాళ్లు ఉంటారు. పప్పులో పోపు పెడితే ఎవరూ కిటికీలు తెరవరు. మామూలు షెల్టర్‌కి వెళ్లి రెండు రోజుల్లో భర్త దగ్గరికి తిరిగి వెళ్లిపోయిన అమ్మాయిని నాకు తెలుసు. ఆ పిల్లకి అక్కడ తినడానికి ఏదీ సహించలేదు.

ఇక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే ట్రాన్సిషనల్ హౌసింగ్‌లో 24 నెలల దాకా ఉండొచ్చు. విడి అపార్ట్‌మెంటు, అద్దెలో సాయం, వారానికోసారి వచ్చే కేస్ వర్కర్. చిగురు గారికి ఉప్మా చేసి పెట్టిన మేడమ్ చేసిన పనే, ఇక్కడ దానికి ఉద్యోగం, జీతం ఉన్నాయి. మనదగ్గర అది ఒక్కో మనిషి మంచితనం మీద నడుస్తోంది. ఆ మనిషి బదిలీ అయితే?

ఇది చదివే హెచ్4 వాళ్ల కోసం ఒక మాట: భర్తది హెచ్1బీ ఉద్యోగ వీసా అయినా, హింసకి గురైన హెచ్4 భార్యకి సొంతంగా వర్క్ పర్మిట్ అడిగే దారి ఉంది, ఐ-765వి అనే ఫారం. నేషనల్ హాట్‌లైన్ 1-800-799-7233, దుబాసీని అడగొచ్చు.

లలిత_గుంటూరు · నవంబర్ 15, రాత్రి 8:15

నిన్న సాయంత్రం ముగ్గురినీ శక్తి సదన్‌కి మార్చారు. వేరే ఊరు. బాబుని కూడా తీసుకున్నారు సావిత్రమ్మ గారూ. మీ మాట చెప్పిన రోజు నుంచే చెల్లి అన్నం తింటోంది. నాకేం రాయాలో తెలియట్లేదు, మీ అందరికీ దండం.

రెండు సమస్యలు ఇంకా ఉన్నాయి. ఆధార్‌కి, బ్యాంకుకి ఉన్న ఫోన్ నంబరు అతనిది. ఓటీపీలన్నీ అతనికే పోతున్నాయి. రెండోది స్కూలు, టీసీ ఇవ్వాలంటే తండ్రి రావాలంటున్నారు.

పద్మజ_అడ్వకేట్ · నవంబర్ 15, రాత్రి 8:50

ఆధార్ సెంటర్‌కి నేరుగా వెళ్లి వేలిముద్ర వేస్తే కొత్త నంబరు ఎక్కిస్తారు, పాత నంబరుకి వచ్చే ఓటీపీతో పని లేదు. హోము సూపరింటెండెంట్ సర్టిఫికెట్ ఇస్తే చిరునామా కూడా మారుతుంది, గుర్తింపు ఉన్న షెల్టర్ హోములకి ఆధార్ వాళ్ల ఫారమే ఉంది. ఆ తర్వాత కొత్త బ్యాంకులో, కొత్త ఖాతా. పాతదానికి కొత్త నంబరు కలపడం కంటే అదే క్షేమం. ఫోన్లో పాత గూగుల్ అకౌంటు ఉంటే తీసేయించండి, లొకేషన్ దాన్నుంచే తెలుస్తుంది.

స్కూలు విషయంలో విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో చేర్చుకోవడం ఆపకూడదు. ముందు పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టించండి.

శ్రీనివాస్_కరీంనగర్ · నవంబర్ 16, రాత్రి 12:30

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. మా అక్క విషయంలో మేము కూడా అట్లనే కూర్చోబెట్టి మాట్లాడి పంపినం. మా బాపు, నేను, ఇంకో ఇద్దరు. అక్క బతికే ఉంది, అక్కడే ఉంది. ఇది చదివినంక రేపు పోయి అడుగుదామనుకుంటున్నా, "వస్తవా" అని. మా ఇంట్ల ఒక గది ఖాళీ ఉంది.

కొత్తచిగురు_వరంగల్ · నవంబర్ 16, ఉదయం 6:10

ఒక్కడివే పో అన్నా. ఆయన లేనప్పుడు అడుగు. ఇప్పుడే రానంటే తాళంచెవి ఇచ్చి రా.

లలిత_గుంటూరు · ఏప్రిల్ 3, రాత్రి 9:30

ఐదు నెలలైంది. చాలామంది మెసేజ్‌లు పెట్టారు, అందరికీ విడివిడిగా రాయలేకపోయాను.

చెల్లి జనవరి నుంచి ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రిసెప్షన్‌లో చేస్తోంది. జీతం 11,000. హోములో కంప్యూటర్ నేర్పించారు, మిగతాది పనిలో చేరాక నేర్చుకుంది. మొదటి నెల ఫోన్ మోగితే ఉలిక్కిపడేదట. ఇప్పుడు పేషెంట్లని తనే కసురుతోందని ఫిర్యాదు వచ్చిందని చెప్పి నవ్వింది. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్లైందో. కోర్టులో మధ్యంతర భరణం ఇంకా రాలేదు, మూడు వాయిదాలు అయ్యాయి. పద్మజ గారు చెప్పినట్టే.

అసలు సంగతి. బాబుకి వచ్చే నెల 12 నిండుతాయి. అందుకని ఇల్లు చూసుకోక తప్పలేదు. సఖీ నివాస్ ఆ ఊళ్లో లేదు. హోము కౌన్సెలర్ గారికి రమణ గారి పోస్టు చూపించాను. ఆవిడ హోము లెటర్‌హెడ్ మీద కాగితం రాసి, తన నంబరు వేసి, చెల్లితో కలిసి నాలుగు ఇళ్లు తిరిగారు. నాలుగోది దొరికింది. ఒకటే గది, వంటకి చిన్న చోటు, అద్దె 3,500. ఓనరు ఒక పెద్దావిడ. ఆవిడా "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగింది. చెల్లి "మేము విడిపోయాం, నేను పని చేస్తాను" అని తనే చెప్పిందట. ఆవిడ కాసేపు చూసి "నీళ్లు పొద్దున ఆరింటికే వస్తాయి, లేవగలవా?" అంది. అంతే.

గ్యాస్ కనెక్షన్‌కి చిరునామా కాగితాలు ఇంకా రాలేదు. ఐదు కేజీల ఛోటూ సిలిండర్‌కి గుర్తింపు కార్డు ఒక్కటుంటే చాలని తెలిసి అది తెచ్చుకున్నాం. నిన్న పొద్దున పాలు పొంగించాం. స్టవ్ బాబు వెలిగించాడు, మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, నాలుగోదానికి అంటుకుంది. పొంగినప్పుడు పాప చప్పట్లు కొట్టింది. అందరం వెళ్లొస్తామని లేచాక చెల్లి తలుపు దగ్గర నిలబడి లోపలి గడియ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. మేం బయట మెట్ల మీద నిలబడి ఆ చప్పుడు విన్నాం. ఆ పాత ఇంట్లో గడియ బయటివైపు ఉండేది.

కౌన్సెలర్ గారు నెలకోసారి వస్తానన్నారు. రాత్రి ఫోన్ చేయడానికి నేనున్నాను, బస్సులో గంట దూరం, స్త్రీశక్తి ఫ్రీ టికెట్టు.

గది పైకప్పు రేకులు. ఎండలు ముదురుతున్నాయి. ఎవరి దగ్గరైనా వాడని ఫ్యాన్ ఉంటే చెప్పండి, డబ్బులిచ్చి తీసుకుంటాం.

రమణ_కాకినాడ · ఏప్రిల్ 3, రాత్రి 9:52

నా దగ్గర ఒక టేబుల్ ఫ్యాన్ ఉంది లలిత గారూ, మా అమ్మది. డబ్బులొద్దు. ఆదివారం గుంటూరు పెళ్లికి వస్తున్నాను, తెస్తాను. మెసేజ్‌లో మీ ఇంటి అడ్రస్ పంపండి చాలు. ఆమెది వద్దు.